పాత ట్రాక్టరుకు ధర కట్టుట ఎట్లు?

పాత ట్రాక్టరు కొనదలచిన రైతులు, పొరుగువారు లోగడ కొన్న ధరను చూచి బేరమాడుట వాడుక. 2025 సెప్టెంబరుకు ముందటి ధరలను నమ్మి ఇట్లు బేరమాడినచో నష్టము కలుగును.

పాత బండి ధర కొత్త బండి ధరను అనుసరించి యుండును. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి వ్యవసాయ ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. పన్ను కలుపక ముందు 7 లక్షల రూపాయలుండు ట్రాక్టరు పూర్వము పన్నుతో 7,84,000 రూపాయలయ్యెడిది. క్రొత్త పన్నుతో అది 7,35,000 రూపాయలగును. అనగా నూటికి ఆరుంబావు వంతున తగ్గినది. ఈ లెక్కన పూర్వము 4 లక్షలు పలికిన పాత బండి ధర 3,75,000 రూపాయలకు దిగవలెను. బండికి వయసు పెరిగిన కొలది మరికొంత తగ్గును. కనుక ముందుగా డీలరు వద్ద అదే రకపు కొత్త బండి నేటి ధరను కనుగొనుడు.

ధరకు అదనును బట్టియు హెచ్చుతగ్గులు గలవు. తొలకరి ముందు అందరికిని బండి కావలెను. అపుడు అమ్మువానిదే పైచేయి. దసరా, దీపావళి రోజులలో కొత్తవి కొనువారు పాతవానిని డీలర్లకు మార్పిడికి ఇత్తురు. అపుడు పెక్కు బండ్లను చూచి ఎంచుకొనవచ్చును.

తయారైన సంవత్సరము ఒక్కటే చూడరాదు. ఎన్ని గంటలు నడచినదో, ఏ పనికి నడచినదో విచారింపవలెను. దమ్ములో ఎక్కువగా తిరిగిన బండికి ఇరుసు సీళ్ళలో బురద చేరును. ట్రక్కుతో బరువులు లాగిన బండికి క్లచ్చి, బ్రేకులు అరుగును. గంటల మీటరు తక్కువ చూపుచు, పెడళ్ళు బాగుగా అరిగియున్నచో ఆ మీటరును నమ్మరాదు. ఇంజను చల్లగా నున్నపుడే స్టార్టు చేయించి పొగను గమనింపవలెను. మరమ్మతులకగు ఖర్చును ధరలో తగ్గించి అడుగవలెను.

కాగితములు లేని బండి ఎంత చౌకయైనను కొనరాదు. బండిపై అప్పున్నచో అది తీరినట్లు బ్యాంకు ఇచ్చు పత్రమును, అమ్మువాని సంతకముతో 29, 30 నంబరు ఫారములను తీసికొని, 30 దినములలో రిజిస్ట్రేషను మార్పునకు దరఖాస్తు చేయవలెను. అమ్మిన రైతునకును ఇది ముఖ్యమే. రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో ప్రమాదములో నష్టపరిహారపు బాధ్యత వారిదేయని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పియున్నది. కావున కాగితములు చూచిన పిదపనే బయానా ఇయ్యుడు.