శ్రీబాగ్ ఒడంబడిక: పేరు అందరికీ తెలుసు, చదివిందెవరు?

రాజధాని గొడవ వచ్చినా, నీళ్ల పంచాయితీ వచ్చినా మన సీమలో ఒక పేరు తప్పకుండా వినిపిస్తుంది. అదే శ్రీబాగ్ ఒడంబడిక. తిరుపతిలో గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లల్ని అడిగితే 1937 నవంబర్ 16 అని టక్కున చెప్తారు. అందులో ఏం రాశారు, ఎందుకు అలాగే రాశారు అంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. చరిత్రని మనం బిట్లుగా నేర్పుతున్నాం, వాదనగా చదివించడం లేదు.

అసలు ఏంటిది?

మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంటి పేరు శ్రీబాగ్. ఆంధ్రకి ప్రత్యేక రాష్ట్రం కావాలని అడుగుతున్న రోజులవి. మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తుందేమో అని సీమ నాయకులకి అనుమానం. ఆ అనుమానం తీర్చడానికి రెండు ప్రాంతాల కాంగ్రెస్ నాయకులు ఆ ఇంట్లో కూర్చుని రాసుకున్న కాగితం ఇది. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకీ నెల్లూరుకీ ముందు చోటు, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోస్తాకి ఒకటి సీమకి, ఏది కావాలో కోరుకునే హక్కు సీమకి. ముఖ్యమైన మాటలు ఇవే.

క్లాసులో ఎలా చదివించాలి?

కాగితం చిన్నదే. జిరాక్స్ తీసి ఇచ్చి, నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.

ఒకటి, ఎవరు ఎవరికి చెప్తున్నారు? సంతకాలు పెట్టింది నాయకులు, ప్రభుత్వం కాదు. అంటే దీని బలం చట్టంలో లేదు, నమ్మకంలో ఉంది.

రెండు, ఏ కారణం చూపించారు? "సీమ వెనకబడింది, దయచూడండి" అని రాజధాని గురించి అడగలేదు. ప్రాముఖ్యం అంతా ఒకే చోట పోగుపడకూడదు అన్నారు. అది అందరికీ వర్తించే సూత్రం. అడుగుతున్నది సీమ కోసమే అయినా, కాదనడం అవతలివాళ్లకి కష్టం.

మూడు, గట్టి మాట ఏది, మెత్తని మాట ఏది? నేను చదివింది బీకాం. అగ్రిమెంట్ చేతికొస్తే ముందు షరతులు చూడమని మాకు నేర్పారు. ఇక్కడా అంతే. నీళ్ల ప్రాధాన్యం పదేళ్లు, లేదా పరిస్థితిని బట్టి అవసరమైనంత కాలం అన్నారు. ఆఖర్లో, అందరూ ఒప్పుకుంటే ఈ షరతులు మార్చుకోవచ్చు అన్నారు.

నాలుగు, ఏం చెప్పలేదు? "అందరూ ఒప్పుకున్నారు" అని తేల్చేది ఎవరు? మాట తప్పితే ఏం చేయాలి? ఊర్ల పేర్లు ఎందుకు లేవు?

ఇప్పుడు తర్వాత జరిగింది పక్కన పెట్టి చూడండి. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయింది, 1954లో హైకోర్టు గుంటూరుకి వెళ్లింది. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ వచ్చింది. 1956లో రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాద్‌కే పోయాయి. ఇది మాట తప్పడమా, మార్చుకోవడమా? క్లాసుని రెండు జట్లు చేసి వాదించమనండి. తర్వాత జట్లు మార్చి మళ్లీ వాదించమనండి. జవాబు ఆ ఆఖరి షరతుని ఎలా చదువుతామన్న దాని మీదే ఉంటుంది.

మేము, మనము

ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పిల్లలకి ఇంకో అభ్యాసం ఉంది. 1940 మార్చిలో రాంగఢ్ కాంగ్రెస్ సభలో మౌలానా ఆజాద్ చేసిన అధ్యక్ష ప్రసంగం తీసుకోండి. ముస్లింగా తన వారసత్వం వదులుకోనని, భారతీయుడిగా కూడా అంతే గర్వపడతానని ఆయన వాదన. ఉర్దూలో "హమ్" ఒక్కటే. తెలుగులోకి మార్చేటప్పుడు ఎక్కడ "మేము", ఎక్కడ "మనము" అని ప్రతిసారీ తేల్చుకోవాల్సిందే. ఆయన ఎవరిని కలుపుకుని మాట్లాడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

సీమకీ ఇదే ప్రశ్న వేయొచ్చు. "రాయలసీమ" అనే పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అందులో చాలా భాగం పాత ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. ఒడంబడికలోని సీమ "మనం"లోకి మన జిల్లా ఎలా వచ్చింది అనేది పిల్లలు వెతకాల్సిన విషయం.

రేపు ఏ పార్టీ నాయకుడు మైకు పట్టుకుని శ్రీబాగ్ అన్నా, "ఏ షరతు గురించి సార్ మీరు చెప్పేది?" అని మన పిల్లలు అడగగలగాలి. దానికి ఒక జిరాక్స్ కాగితం, ఒక పీరియడ్ సరిపోతాయి.