గడపలోని త్రుప్పు

వేసవి ఆదివారములందు ఇంగ్లండులోని పచ్చికబయళ్లపై పాతకార్ల కూటములు జరుగుట పరిపాటి. అందు మినీ యను బుల్లికారు లేని కూటము అరుదు. యజమాని దానిని తుడిచి, మెరుగుపెట్టి, బానెట్టు నెత్తి ప్రక్కన నిలుచుండును. చూడవచ్చిన సామాన్యులు రంగును మెచ్చుకొని ముందునకు సాగుదురు. తెలిసినవాడు మాత్రము నేలపై మోకరిల్లి, తలుపుక్రింది గడపను వ్రేలితో తట్టి చూచును. ఆ తట్టునకు గట్టి ధ్వని వచ్చునా, బోలు ధ్వని వచ్చునా అనుదానిపై ఆ యజమాని పరువు ఆధారపడియున్నది. ఒక రేకుముక్కకును మనుష్యుని పరువునకును ఇంతటి సంబంధ మెట్లు కలిగినదో తెలియగోరినచో, ఆ కారు పుట్టుక కొంత తెలియవలెను.

1956లో సూయజు సంక్షోభమువలన బ్రిటనులో పెట్రోలునకు కరవు వచ్చినది. స్వల్పమైన చమురుతో నడచు చిన్నకారును నిర్మింపుమని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారు అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరును కోరిరి. 1906లో స్మిర్నా నగరమున జన్మించిన ఈయన, ఇంజనును అడ్డముగా అమర్చి, ముందుచక్రములకే శక్తి నందించి, పదడుగుల పొడవులో నలుగురు కూర్చుండుటకు చోటు కల్పించెను. 1959 ఆగస్టు 26న ఆ బండి లోకమునకు వెల్లడియైనది. 1964, 1965, 1967 సంవత్సరములందు మాంటెకార్లో పందెమున పెద్దబండ్లను ఓడించి అది కీర్తి గాంచినది. 2000 అక్టోబరులో నిర్మాణము నిలిచిపోవునాటికి 53 లక్షలకు పైగా మినీలు తయారైనవి.

ఇంతటి కీర్తిగల బండికి శత్రువు దాని నిర్మాణములోనే పొంచియున్నది. పూర్వపు కార్లలో పెక్కింటికి బలమైన ఉక్కుచట్రము వేరు, దానిపై నిలుపు దేహము వేరు. మినీలో ఆ భేదము లేదు. పలుచని ఉక్కురేకులను మడచి, అంచులు కలిపి అతికిన డొల్లయే దానికి ఎముకయు, చర్మమును. తలుపులక్రింది గడపలు అలంకారములుగా తోచును గాని, నిజమునకు అవి బండి నడుమును నిలుపు దూలములు. గుల్లగానుండు ఆ గడపలలోనికి చక్రములు చిమ్మిన నీరును బురదయు చేరి ఆరక నిలుచును. తొలినాటి బండ్లలోనైతే నేలరేకుల అతుకు ముందువైపునకు తెరచియుండుటచే, వానలో పోవునపుడు ప్రయాణికుల పాదములు తడిసెడివి.

ఇనుము, నీరు, ప్రాణవాయువు ఈ మూడును కూడినచోట త్రుప్పు పుట్టునని పాఠశాల బాలురకును తెలియును. చలికాలమున మంచు పేరుకొనకుండుటకై అచటి రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఉప్పునీరు విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును గనుక త్రుప్పు మరింత త్వరగా పెరుగును. అల్యూమినియముపై ఏర్పడు పొర ఆ లోహమునకు కవచమగును. ఇనుముపై ఏర్పడు త్రుప్పు అట్లు కాదు. అది పొరలు పొరలుగా రాలిపోయి, క్రింది లోహమును మరల గాలికిని నీటికిని అప్పగించును. పైగా, తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించి రంగును పైకి పొంగించును. వెలుపల శనగగింజంత పొక్కు కనబడునప్పటికి లోపల అరచేతి వెడల్పున రేకు పొడియై యుండవచ్చును.

ఆ పొక్కు కనబడిన దినముననే యజమాని గుణమునకు పరీక్ష. అతని యెదుట రెండు మార్గములు కలవు. మొదటిది, మెరిసే లోహము కనబడువరకు చెడిన భాగమును కోసివేసి క్రొత్తరేకు నతుకుట. దీనికి ధనమును కావలెను, ఓరిమియు కావలెను. ఒక పొక్కుకొరకై విప్పిన బండి నెలలకొలది షెడ్డులో పడియుండుటయు కలదు. రెండవది, లప్పము మెత్తి, నున్నగా రుద్ది, రంగు వేయుట. ఇది ఒక దినపు పని. లప్పమునకు అయస్కాంతము అంటదు గనుక, కొనవచ్చువారు గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతమును వెంట దెచ్చుకొందురు. గడుసువారు దానికిని ఉపాయము కనిపెట్టిరి. పుచ్చిన గడపను తీయకయే దానిపై క్రొత్తరేకు నతికింతురు. అప్పుడు అయస్కాంతమును మోసపోవును. నడుమ చిక్కిన తడి లోపలినుండి రెండు రేకులను తినుచుండును. పైన పటారము, లోన లొటారము అను సామెతకు ఇంతకన్న తగిన ఉదాహరణము దొరకదు. అట్టి బండి ప్రమాదమున చిక్కినప్పుడు నిలువవలసిన దూలము నిలువదు. అమ్మినవాడు ధనము పుచ్చుకొని పోవును. కొన్నవాడు బిడ్డలతో అందు కూర్చుండును.

ఈ భయమువలననే ప్రభుత్వము కలుగజేసికొన్నది. పదేండ్లు నిండిన కార్లకు బ్రేకులు, దీపములు, స్టీరింగు సరిచూచు పరీక్ష 1960లో ఆరంభమైనది. 1967 నాటికి మూడేండ్ల బండ్లకును అది వర్తించినది. తరువాతి కాలమున త్రుప్పును అందు చేరినది. సీటుబెల్టులు, చక్రముల ఆధారములు బిగించిన చోటికి 30 సెంటీమీటర్లలోపల రేకు బలము తప్పినచో బండి తప్పినట్లే. కాని 2018 మే 20 నుండి, 40 ఏండ్లు నిండి, పెద్దమార్పులు పొందని బండ్లకు ఈ పరీక్ష అక్కరలేదని నిర్ణయించిరి. బండిని సురక్షితముగా నుంచు బాధ్యత మాత్రము యజమానిదే. స్వచ్ఛందముగా పరీక్షకు గొనిపోవువారును కలరు. మానుకొన్నవాని గడపను తట్టి చూచు అధికారి లేడు. ఇట్టి బండ్ల విషయమున యజమాని మాటయే యోగ్యతాపత్రమైనది.

కనుకనే వారిలో ఒక ఆచారము విలువ సంపాదించుకొన్నది. మరమ్మతు చేయునపుడు పుచ్చిన రేకులను, రంధ్రములను, ఊడదీసిన గడపలను వరుసగా ఫొటోలు తీసి ఆల్బములో అతికింతురు. కొనవచ్చినవాడు మొదట అడుగునది ఆ ఆల్బమునే. అందు మిక్కిలి వికారమైన ఫొటోయే యజమానికి మిక్కిలి గౌరవము దెచ్చును. తన బండిలో త్రుప్పే లేదన్నవానిని ఎవ్వరును నమ్మరు. ఎచటనుండెనో, ఎంత కోసితినో చూపినవానిని నమ్ముదురు.

డొల్ల అంతయు చెడినచో క్రొత్తది కొనవచ్చును. ఆక్సుఫర్డుషైరులోని విట్నీ పట్టణమున బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థవారు మినీ డొల్లలను తయారుచేసిరి. డొల్ల మారిన పిదప అది ఆ పాతబండియేనా యని యజమానులలో వాదము కలదు. పాతరేకునే ప్రాణముగా నెంచువా రొకప్రక్క, ప్రాణరక్షణయే ముఖ్యమనువా రొకప్రక్క. ఒక్క విషయమున మాత్రము ఇరువురును ఏకీభవింతురు. మార్చుట తప్పు కాదు. మార్చి చెప్పకుండుట తప్పు.

పచ్చికబయలున మోకరిల్లినవాడు గడప తట్టుచుండగా, మంచి యజమాని మాటుపడి మాటాడడు. “ఎడమ గడప వెనుకకొసను మరల మొదలైనది. వచ్చు చలికాలమునకు ముందే కోసివేయవలెను” అని తానే చూపును. అతని బండికి ధర కొంత తగ్గవచ్చును. కాని మరునాడు ఎవరైన పాతమినీ కొనదలచినచో, ముందుగా సలహా నడుగునది ఆతనినే.