మంజీరకు ఇరువైపుల వర్తకం – మన పాల సంఘాలు



దెగ్లూరు వైపు కొన్న గేదె మద్నూరు పాకలో ఈనుతుంది. జుక్కల్ ఆడపడుచు బీదర్ జిల్లా ఔరాద్‌లో కాపురం చేస్తుంది. మన కామారెడ్డి జిల్లా పడమటి అంచు అటువంటిది. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక మూడూ అక్కడ ఆనుకొని ఉన్నవి. పొలాలకు గట్లే గాని గోడలు లేవు. ఈ అంచు మీద జరిగే వర్తకంలో పాడి రైతుకు ఏమి గిట్టుబాటు అవుతుందో చూద్దాము.

ఈ గీత మరీ పాతది కాదు. 1956 నవంబరు 1 వరకు నిజామాబాదు, నాందేడు, బీదరు మూడూ హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాలే. ఆనాడు నాందేడు బొంబాయి రాష్ట్రంలోకి, బీదరులో కొంత మైసూరులోకి పోయినవి. నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు మాత్రం ఇటు నిజామాబాదులో కలిసినవి. అంటే ఆ పల్లెలకు తాలూకా కచ్చేరీ మారినది గాని, సంత మారలేదు. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాత కూడ అక్కడి రైతు విత్తనానికో, ఎద్దుకో దెగ్లూరు పోవుట మామూలే.

ఇక పాల సంగతి. పచ్చిపాలు సరిహద్దు దాటించి లాభపడవచ్చునని కొందరు సభ్యులు అంటున్నారు. మాకు ఆ నమ్మకం తక్కువ. పాలు పితికిన కొద్ది గంటలలో నాలుగు డిగ్రీలకు చల్లబడకపోతే నిలవవు. పైగా చలికాలంలో మన దగ్గర పాలు పొంగినప్పుడు దెగ్లూరులోనూ పొంగుతవి. ఎండాకాలంలో ఇక్కడ తగ్గితే అక్కడా తగ్గుతవి. ఇద్దరి చేతిలోనూ ఒకే సరుకు ఒకే రోజున ఉంటే బేరం ఎట్లా కుదురుతుంది? పాలకు పెద్ద గిరాకి హైదరాబాదు. అది కామారెడ్డికి నూట పది కిలోమీటర్ల పైచిలుకు. ట్యాంకరు అటే పోవుట సహజము.

నేయి, కోవాల లెక్క వేరు. లెక్క కట్టి చూడండి. ఏడు శాతం వెన్న గల గేదె పాలు నూరు లీటర్లు తీసుకుంటే, వచ్చే నేయి సుమారు ఏడు కిలోలు. నూరు లీటర్లకు రెండు మూడు పెద్ద క్యాన్లు, మంచు, పరుగు కావలెను. ఏడు కిలోల నేయి ఒక డబ్బాలో పడుతుంది, నెలల తరబడి నిలుస్తుంది. నాందేడులో హుజూర్ సాహెబ్ గురుద్వారా ఉన్నది. ఏడాది పొడుగునా యాత్రికులు, లంగరు వంటలు ఉంటవి. ఇటు బాసర క్షేత్రం ఉన్నది. కామారెడ్డి బెల్లానికి చాలాకాలంగా పేరున్నది. ఆ బెల్లం పోయే దుకాణాల వరుసలో మన నేయి డబ్బా ఎందుకు ఉండరాదు? 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. వచ్చి, వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు తీసివేసిన తరువాత సలాబత్‌పూర్ దగ్గర పన్ను కాగితాల కోసం లారీ నిలిచే బాధ తప్పినది. 2025 సెప్టెంబరు 22 నుండి నేయి మీద పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. విడి పాలకు పన్ను లేదు. అయితే ఇది ఒక్కొక్క సభ్యుడు ఇంట్లో కాచి మోసుకుపోయే పని కాదు. ఒకే నాణ్యత, ఒకే ముద్ర ఉంటేనే పెద్ద దుకాణదారుడు నమ్ముతాడు. కనుక అది ఫెడరేషన్ ద్వారా జరగవలసిన అమ్మకము.

మా దృష్టిలో అసలు లాభం మేతలో ఉన్నది. నిజాంసాగర్ కింద వరిగడ్డి కావలసినంత. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్లు బాన్సువాడ, బోధన్ వైపులను వరి పొలాలుగా మార్చినవి. కాని వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. ఒట్టి వరిగడ్డి మేసిన గేదె పాలు తగ్గిస్తుంది. నల్లరేగడి పల్లెలలో, అంటే బిచ్కుంద, జుక్కల్, దెగ్లూరు వైపు, జొన్నచొప్ప దొరుకుతుంది. లాతూరు సోయా వర్తకానికి పేరుపొందినది. సోయా చెక్క, పత్తిచెక్క ఆ దారిని రావలెను. ఎల్లారెడ్డి సంఘాలు నాలుగైదు కలిసి కోతల కాలంలోనే లారీల లెక్కన తెప్పించుకుంటే, వేసవిలో బస్తాల లెక్కన కొనే బాధ ఉండదు. మెదక్ నుండి ఎల్లారెడ్డి, బాన్సువాడ మీదుగా బోధన్ పోయే రోడ్డు, పిట్లం, మద్నూరు మీదుగా దెగ్లూరు పోయే 161వ నెంబరు జాతీయ రహదారి ఇందుకు అక్కరకు వస్తవి.

ఒకే దారిని నమ్ముకుంటే ఏమవుతుందో 2025 ఆగస్టు చివర చూచితిమి. కామారెడ్డిలో కుండపోత వానకు రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయినది. 44వ నెంబరు రహదారి మీద రాకపోకలు స్తంభించినవి. పాలు ఒక్క పూట ఆగినా పాలు కావు.

సరిహద్దు సంఘాలను ఇబ్బంది పెట్టే మరొక మాట ఉన్నది. అవతలి ఊరి చుట్టము మన సభ్యుని పాసుపుస్తకంలో పాలు పోయుట. చుట్టరికానికి అది చిన్న సాయమే. కాని సంఘానికి బైలాలో కార్యపరిధి ఉన్నది. ప్రభుత్వం ప్రోత్సాహకం ప్రకటించినప్పుడు అది ఈ రాష్ట్రపు పాడి రైతుకు ఉద్దేశించినది. రేపు ఆడిట్‌లో రెండు గేదెలున్న ఇంటి పేర ముప్పై లీటర్లు కనబడితే సెక్రటరీ ఏమి చెప్పగలడు? సక్రమమైన మార్గం లేకపోలేదు. రెండు రాష్ట్రాల సభ్యులతో సహకార సంఘం పెట్టుకొనుటకు 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టము ఉన్నది.

యూరప్‌లో దేశాల నడుమనే ఈ పని చేసినారు. 1958లో డచ్చి, జర్మన్ సరిహద్దు మునిసిపాలిటీలు గ్రోనౌ పట్టణం దగ్గర యూరేజియో అనే ఉమ్మడి సంఘం ఏర్పరచుకున్నవి. 2008లో రెండు డచ్చి డెయిరీలు కలిసి ఏర్పడిన ఫ్రీస్‌లాండ్ కాంపినా సహకార సంస్థలో నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియం రైతులు సభ్యులు. మూడు దేశాల వారికి ఒకే గొడుగు. మనవి ఒకే దేశంలోని మూడు రాష్ట్రాలే గదా!

చివరగా పశువుల కొనుగోలు. నాందేడు జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరలో డిసెంబరు ప్రాంతాన పెద్ద పశువుల సంత సాగుతుంది. దేవణి, ఎర్ర కంధారి జాతుల సొంత గడ్డ అదే. దేవణి ఆవు పాలూ ఇస్తుంది, దాని కోడె అరకా లాగుతుంది. కాని 2022లో లంపీ చర్మవ్యాధి వచ్చినప్పుడు మహారాష్ట్ర పశువుల సంతలే మూసివేసినది. కొనేవారు చెవికి పన్నెండు అంకెల బిళ్ల ఉన్నదా, గాలికుంటు టీకా ఆరు నెలలలోపు పడినదా అడిగి చూడవలెను. తెచ్చిన పశువును మూడు వారాలు వేరే పాకలో కట్టి, వేరే కుడితి తొట్టి పెట్టండి. దానికి నీళ్లు పెట్టిన చేతితో కడుగుకొనకుండా పాత గేదె పొదుగు ముట్టవద్దు.