ఆ కంపే మనకి కాపలా

వంటగ్యాస్‌కి వాసన ఉంటుందా? "ఎందుకుండదూ, సిలిండర్ మార్చినప్పుడల్లా గుప్పుమంటుందిగా!" అంటారు మీరు. నిజానికి గ్యాస్‌కి రంగూ లేదు, చెప్పుకోదగ్గ వాసనా లేదు. కుళ్లిన క్యాబేజీలాంటి ఆ కంపు కావాలని కలిపిందే. దాని పేరు ఇథైల్ మెర్‌కాప్టాన్.

ఇది గంధకం ఉన్న సేంద్రియ పదార్థం. ఉల్లి ఘాటుకీ, వెల్లుల్లి వాసనకీ కారణం ఇలాంటి గంధకపు పదార్థాలే. 1834లో డెన్మార్క్ శాస్త్రవేత్త విలియం జైసె దీన్ని కనిపెట్టాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎథిలీన్‌నీ, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌నీ కలిపి తయారుచేస్తారు. వంద కోట్ల పాళ్ల గాలిలో ఒక్క పాలున్నా ముక్కు పట్టేస్తుంది. పొయ్యి వెలిగిస్తే గ్యాస్‌తో పాటే కాలిపోతుంది కనక కూరకి ఆ వాసన అంటదు.

ఈ కంపు వెనక కన్నీళ్లున్నాయి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్లో, బడిని వెచ్చగా ఉంచడానికి చమురు బావుల గ్యాస్ వాడేవారు. అది లీకై నేల కింది ఖాళీలో చేరింది. వాసన లేదు, ఎవరికీ తెలియలేదు. 1937 మార్చి 18న ఒక్క నిప్పురవ్వతో బడి పేలిపోయి సుమారు 300 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే అక్కడ గ్యాస్‌కి వాసన కలిపి తీరాలని చట్టం వచ్చింది.

అయితే కాపలావాడు కేకేస్తే చాలదు, వినే చెవి ఉండాలి కదా! మా అత్తగారికి డెబ్బయ్యారేళ్లు. "పోపు మాడినా తెలియట్లేదే అమ్మాయ్" అంటే, వయసు కదా అని అందరూ నవ్వేసేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మధ్యాహ్నాలు ఇంట్లో ఒక్కరే ఉండి టీ పెట్టుకుంటారావిడ. అందుకే సిలిండర్ దగ్గర, నేలకి కాస్త ఎత్తులో గ్యాస్ అలారం పెట్టించాం. "నా ముక్కు మీద నమ్మకం లేదుటే నీకు?" అని చిన్నబుచ్చుకున్నారు. "మీ మీద కాదత్తయ్యా, సిలిండర్ మీద లేదు" అన్నాను.

వయసుతో వాసన శక్తి తగ్గుతుంది. జలుబుతోనూ తగ్గుతుంది. కోవిడ్ తర్వాత కొందరికి పూర్తిగా తిరిగి రానేలేదు. పైగా ఆ కంపులో కాసేపుంటే ఎంత మంచి ముక్కైనా అలవాటు పడిపోతుంది. "తగ్గిందిలే" అనుకోవడం ప్రమాదం.

వాసన వస్తే...

* లైటు, ఫ్యాను, ఎగ్జాస్ట్ - ఏ స్విచ్చీ వెయ్యద్దు, ఆపద్దు. రెండిట్లోనూ నిప్పురవ్వ పుట్టచ్చు.

* పొయ్యి, రెగ్యులేటర్ కట్టేయండి. దేవుడి దగ్గర దీపం, అగరొత్తి ఉంటే ఆర్పేయండి.

* తలుపులూ కిటికీలూ బార్లా తెరవండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పాకుతుంది.

* అందరూ బయటికి వచ్చాక, బయటి నుంచే 1906కి ఫోన్ చెయ్యండి.

* ట్యూబు లీకుని సబ్బునీళ్లతో చూడాలి. అగ్గిపుల్లతో ఎప్పుడూ వద్దు.

అన్నట్టు, ఇంగువ వాసనా గంధకపు పదార్థాలదే. ఈ వారం ఇంగువ డబ్బా మూత తీసి, కళ్లు మూసుకోమని చెప్పి ఇంట్లో పెద్దవాళ్ల ముక్కు దగ్గర పెట్టండి. తెలియలేదంటే నవ్వెయ్యకండి. డాక్టరుకి చూపించండి, వంటింట్లో అలారం పెట్టించండి.