మిలిటరీ లారీల కరెంటు ఎక్కడ ఆగింది?

సైన్యం తన పాత లారీలను వేలంలో అమ్ముతుంది. 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీ అట్లాంటిదే. కెరమెరి ఘాటు మలుపుల్లో రాత్రిపూట ఇట్లాంటి పాత బండికి లైట్లు పోతే లోపల ఉన్నోళ్ల ప్రాణాలకే ముప్పు. అందుకే ఇది తెలుసుకోవాలె.

మామూలు జీపుకు 12 వోల్టులు. మిలిటరీ లారీల్లో చాలావాటికి 24 వోల్టులు. అందుకని 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలుపుతారు. దాంట్ల జీపు బల్బు పెడితే మాడిపోతది.

కరెంటు బ్యాటరీ నుంచి వైరుల పోయి, బల్బును వెలిగించి, బండి ఇనుము మీదుగా తిరిగి బ్యాటరీకి రావాలె. ఈ వచ్చే తొవ్వనే ఎర్తు అంటారు. ఏ తొవ్వ తెగినా బల్బు వెలగదు.

ఒక్క లైటే పోతే దాని బల్బు, ఫ్యూజు, వైరు చూడాలె. సెల్ఫు కొట్టినప్పుడు టక్కుమని ఆగి లైట్లు మసకబారితే బ్యాటరీ దిగి ఉంటది, లేకుంటే దాని కొనలకు పొడి పట్టి ఉంటది. బ్యాటరీ కొనేముందు కొనలు తుడిచి బిగించాలె. ఎర్తు కాడ తుప్పు కూడా గీకాలె.

ఫ్యూజు మాటిమాటికి పోతే ఎక్కడో వైరు తోలు ఊడి ఇనుముకు తగులుతున్నట్టు. కొందరు ఫ్యూజు బదులు లావు తీగ చుడతారు. అప్పుడు ఫ్యూజు కాలదు, వైరే కాలి బండి అంటుకుంటది.

పని మొదలు పెట్టేముందు ఎర్తు వైరు విప్పాలె. బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వాయువు వస్తది కాబట్టి దాని దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు.