పోవడమూ, వెళ్ళడమూ

కదలికను చెప్పే తెలుగు క్రియల్లో అతి మామూలువి రెండు: పోవు, వెళ్ళు. ఇంగ్లీషువాడు ‘గో’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకు రెండున్నాయి. ఒకదానికి రెండోది అర్థంగా చెప్పి ఊరుకోవడం మన అలవాటు. మా ప్రాంతపు బడుల్లో పిల్లవాడు ‘పోనాడు’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి ‘వెళ్ళాడు’ అని దిద్దుతారు. కథలు పరిష్కరించే సంపాదకులు కొందరు చేసేదీ ఇదే. ఈ దిద్దుబాటులో మారేది యాస ఒక్కటేనని వారి నమ్మకం. అర్థమూ మారుతుందనీ, ఒక్కోసారి కథే మారుతుందనీ నా వాదన.

ముందు ‘వెళ్ళు’ సంగతి చూద్దాం. వెలి, వెలుపల, వెలువడు, వెడలు అనే మాటల కుటుంబంలోది ఇది. లోపలినుంచి బయటికి రావడం దీని మూలార్థం. ఇప్పటి వాడుకలో ఆ అర్థం చెరిగినట్టే కనబడుతుంది గాని, జంట మాటల్లో చెక్కుచెదరలేదు. విషం వెళ్ళగక్కుతారు. కష్టాలు వెళ్ళబోసుకుంటారు. కౌలురైతును భూమి మీదనుంచి వెళ్ళగొడతారు. వీటిలో ‘వెళ్ళ’ అంటే ‘బయటికి’ అనే. అంచేత వెళ్ళేవాడి వెనక ఒక గడప ఉంటుంది, ముందు ఒక దిక్కు ఉంటుంది. మనిషి వెళ్తాడు, బండి వెళ్తుంది, ఉత్తరం వెళ్తుంది.

‘పోవు’కు దిక్కు అక్కర్లేదు. తమిళ మలయాళాల్లో ‘పో’గా, కన్నడంలో ‘హోగు’గా ఉన్న పాత ద్రావిడ క్రియ ఇది. ఉన్నచోట లేకుండా కావడమే దీనికి చాలు. పరువు పోతుంది, పంట పోతుంది, కరెంటు పోతుంది, ప్రాణం పోతుంది. ఖర్చులు పోగా మిగిలిందెంత అని అడుగుతాం. ‘ఖర్చులు వెళ్ళగా’ అనే తెలుగువాడు లేడు. మరో క్రియకు తోకగా చేరినప్పుడు దీని బలం ఇంకా తెలుస్తుంది. కొమ్మ విరిగింది అంటే ఒక సంఘటన. విరిగిపోయింది అంటే ఇక అతకదు, మన చేతిలో లేదు అన్నది కూడా అందులో ఉంది. ‘వెళ్ళిపోయాడు’లో రెండు క్రియలూ పక్కపక్కనే నిలబడ్డాయి: మొదటిది మనిషిని గడప దాటించింది, రెండోది వెనక ఖాళీని చూపింది. (‘పోనీ’, ‘ఇక పోతే’ అన్నవి లేకుంటే మా వ్యాసకర్తలం పేరా మార్చలేం. అది వేరే సంగతి.)

ఇప్పుడు వలస దగ్గరకు వద్దాం. ఒకప్పుడు బారువ, కళింగపట్నం రేవులనుంచి మా జనం రంగూన్‌కు ఓడలెక్కారు. తెలుగులో దాని పేరు రంగం. బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టి, సమ్మె తీరగానే వాళ్ళను తీసేశారు. కూలీకి కూలీకి మధ్య నెత్తురు పారింది. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరుగుముఖం పట్టారు. ఇన్ని జరిగిన ఆ ప్రయాణానికి ఊళ్ళో మిగిలిన మాట ‘రంగం పోనాడు’ అన్నదే.

ఆ మాట అన్నదెవరు? ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు. బయల్దేరేవాడు ఆ మాట అనడు. మా వైపు గడప దిగుతూ ‘ఎల్లొస్తాను’ అంటాడు. ఒకే ప్రయాణానికి అటునుంచి ఒక క్రియ, ఇటునుంచి ఒక క్రియ. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు కూలికి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి అక్కడి పడవలమీద వేట చేస్తారు. అలా వెళ్ళిన ఉత్తరాంధ్రవాళ్ళు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ పదమూడు నెలల పైచిలుకు కాలంలో ఇంటి ఆడవాళ్ళ నోట ‘పోనాడు’ అన్న మాటకు రెండర్థాలుంటాయి. దాన్ని ‘వెళ్ళాడు’ అని దిద్దితే ఒక అర్థమే మిగులుతుంది, అదీ చులకనైనది.

అయితే దీన్ని సూత్రం చేయరాదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బయల్దేరేవాడే నిశ్చింతగా ‘పోయొస్తా’ అంటాడు. తమిళుడూ ‘పోయిట్టు వరేన్’ అంటాడు, రావడాన్ని జతచేసి. ఒట్టి ‘పోవు’ మోటు మాట, అమంగళం అన్న పట్టింపు ప్రధానంగా కోస్తా చదువరులది. వారి భాషే పత్రికలకూ పాఠ్యపుస్తకాలకూ ప్రమాణమైంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి కోరినదీ శిష్టజన వ్యావహారికమే. ఆయన పోరు ఫలించి వాడుకభాష అచ్చుకెక్కింది గాని, ఆయన పుట్టిన జిల్లా క్రియారూపాలు మాత్రం ఈనాటికీ కథల్లో సంభాషణల కొటేషన్ల మధ్యే బతుకుతున్నాయి.

ఇంతవరకూ ‘పోవు’ పక్షాన మాట్లాడాను. దాని మరో గుణం కూడా చెప్పాలి, అభ్యుదయ రచయితకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. పోయిన వస్తువే ఈ క్రియకు కర్త. తీసుకున్నవాడికి వాక్యంలో చోటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి పోయింది, జీడితోట పోయింది. గాలి చేసిన పని, ఆ మాట సరిపోతుంది. మా ప్రాంతంలో ‘కిడ్నీలు పోనాయి’ అంటారు. ఆ జబ్బుకు మూలకారణం ఇదీ అని పరిశోధకులే ఇంకా తేల్చలేదు గనక, అక్కడా ఆ మాట నిజాయితీగలదే. ‘భూమి పోయింది’ అన్నప్పుడు మాత్రం నేను ఆగుతాను. భూమి తనంత తాను పోదు. పాత్ర ఆ మాట అనవచ్చు, అతనికి తెలిసింది అంతే కావచ్చు. కథకుడు కూడా అదే క్రియ వెనక నిలబడితే కొన్నవాడు, రాయించుకున్నవాడు, సంతకం పెట్టినవాడు ముగ్గురూ తప్పించుకుంటారు.

మందస చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. మందస జమీందారు అడవిలో కట్టె కొట్టుకునే హక్కుకోసం రైతులు నిలబడ్డారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, అరెస్టు చేసిన రైతులను తీసుకుపోనివ్వకుండా జనం అడ్డుపడ్డప్పుడు పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాను గున్నమ్మ చనిపోయింది. ఆమెతోపాటు మరికొందరూ చనిపోయారు. ‘కాల్పుల్లో గున్నమ్మ ప్రాణం పోయింది’ అని రాసినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఆ వాక్యంలో కర్త ప్రాణం. ‘పోలీసులు గున్నమ్మను కాల్చి చంపారు’ అన్న వాక్యంలో కర్త పోలీసులు.