వాయిదాల మీద కారు: అమ్మకమా, అప్పా?

అనువాదకుణ్ణి తెలియని మాట కంటే తెలిసిన మాటే ఎక్కువగా మోసగిస్తుంది. 'ఫైనాన్స్' అట్టి మాట. ఎవరైనా "కారు ఫైనాన్స్‌లో తీసుకున్నాను" అంటే, బ్యాంకు అప్పు ఇచ్చింది, ఆ సొమ్ముతో ఇతడు కారు కొన్నాడు అని మనం అర్థం చేసుకుంటాము. మన ప్రాంతంలో చాలావరకు జరిగేదీ అదే. కాని అమెరికాలో కార్ల దుకాణంలో కూర్చుని సంతకం చేసే కాగితం సాధారణంగా అప్పుపత్రం కాదు. ఈ సంగతి నాకు మా మేనల్లునికి ఎదురైన ఒక చేదు అనుభవం వల్ల తెలిసింది. అతడు ఆ కాగితాలు పంపి, "మామూ, ఇందులో నేను దేనికి ఒప్పుకున్నానో చదివి చెప్పండి" అని అడిగాడు.

అబ్బాయి గుంటూరులో చదువుకొని, ఉద్యోగం మీద టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ సమీపానికి వెళ్ళి అప్పటికి అయిదు నెలలు. పని చేసే చోటు ఇరవై మైళ్ళ దూరం. అక్కడికి బస్సు లేదు. తోటి ఉద్యోగి కారులో వెళ్ళివచ్చేవాడు. ఆ ఉద్యోగి వేరే ఊరికి మారుతున్నాడని తెలిసిన వారంలోనే ఇతడు కార్ల దుకాణంలో అడుగు పెట్టాడు. అవసరం మొహం మీద కనబడేవాడు బేరం ఆడలేడు. ఆ మొహాన్ని చదవడం అమ్మేవానికి వృత్తి.

వాడిన క్యామ్రీ కారు ఒకటి నచ్చింది. ధర ఎంత అని ఇతడు అడిగితే, "నెలకు ఎంత కట్టగలరు?" అని అతడు అడిగాడు. ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీశాడు: కారు ధర, పాతకారు మార్పిడి విలువ, ముందుగా కట్టే సొమ్ము, నెల వాయిదా. అక్కడి వ్యాపారంలో ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఒక గడిలో తగ్గించినది మరొక గడిలో పెరుగుతుంది, కొనేవాని చూపు మాత్రం నాలుగో గడి మీదనే నిలిచి ఉంటుంది. నెలకు 415 డాలర్లు ఎక్కువ అని ఇతడంటే, అతడు లోపలికి వెళ్ళి వచ్చి 361 అన్నాడు. తగ్గించాడని ఇతడు సంతోషించాడు. నిజానికి తగ్గినది ఏమీ లేదు. 20,000 డాలర్ల బాకీ 9 శాతం చొప్పున 60 నెలల్లో తీర్చితే నెలకు 415, మొత్తం 24,910. అదే 72 నెలలయితే నెలకు 361, మొత్తం 25,957. పైగా ఆ 20,000లో 1,800 డాలర్లు మరమ్మతుల హామీ కింద చేరాయి. ఆ హామీని ఇతడు అడగలేదు. నేను ఫోనులో ఆ పంక్తి చదివి వినిపించే దాకా అది ఉన్నట్లే ఎరగడు.

అసలు 9 శాతం ఎక్కడి నుండి వచ్చింది? ఇక్కడ రెండు విషయాలు తెలుసుకోవాలి.

మొదటిది, ఋణచరిత్ర. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థలు అక్కడ ప్రతి మనిషి అప్పుల చిట్టా ఉంచుతాయి. ఆ చిట్టాను బట్టి 300 నుండి 850 వరకు ఒక అంకె కట్టే పద్ధతి, ఫైకో స్కోరు, 1989 నుండి వాడుకలో ఉన్నది. ఆ అంకె కట్టాలంటే కనీసం ఆరు నెలల వయస్సు గల ఖాతా ఒకటి ఉండాలి. మా వానికి ఉన్నదల్లా నాలుగు నెలల నాటి క్రెడిట్ కార్డు, అదీ తన సొమ్మే హామీగా పెట్టి తీసుకున్నది. అంటే అతనికి తక్కువ అంకె వచ్చిందని కాదు, అంకే లేదు. ఇంట్లో ఏనాడూ ఎవరికీ బాకీ పడని తండ్రికి పుట్టినవాడు. ఇక్కడ సకాలంలో తీర్చిన చదువు ఋణం సాధారణంగా అక్కడి చిట్టాకు ఎక్కదు. అప్పు ఎగవేసినవానికీ, అప్పే ఎరుగనివానికీ ఆ బల్ల ముందు గౌరవంలో పెద్ద తేడా కనబడలేదని వాడు బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే. అయితే అపరిచితునికి సరుకు అరువిచ్చే వ్యాపారి అతని గురించి విచారించుకోవడం తప్పు కాదు. ఆ విచారణలో దొరికిన అజ్ఞానానికి ఎవరు ఎంత ధర కట్టారన్నదే ప్రశ్న.

రెండవది అంతకంటే ముఖ్యం. కారు అమ్మే దుకాణదారుడే చట్టం దృష్టిలో ఋణదాత. అతడు కారును వాయిదాల మీద అమ్ముతాడు. తరువాత ఆ ఒప్పందాన్ని ఏదైనా బ్యాంకుకు బదలాయించి సొమ్ము తీసుకుంటాడు. ఫలానా కొనుగోలుదారుని ఒప్పందాన్ని ఫలానా రేటుకు కొంటామని బ్యాంకు చెబుతుంది. దుకాణదారుడు కాగితం మీద అంతకంటే ఎక్కువ రేటు వ్రాయవచ్చు. ఆ పైమొత్తంలో అధికభాగం అతనికే చెందుతుంది. చాలా బ్యాంకులు ఈ పెంపు 2 లేక 2.5 శాతం మించరాదని పరిమితి పెట్టుకున్నాయి. బ్యాంకు చెప్పినది 7 శాతం, వ్రాసినది 9 శాతం అనుకుందాం. 72 నెలలకు నెల వాయిదా 341 బదులు 361 అవుతుంది. నెలకు ఇరవై డాలర్లు ఎవరు పట్టించుకుంటారు? మొత్తం మీద అది 1,406 డాలర్లు. బ్యాంకు చెప్పిన రేటు ఎంతో కొనేవానికి చెప్పవలసిన విధి సమాఖ్య చట్టంలో లేదు. కనుక ఆ గదిలో రెండు సరుకులు అమ్ముడవుతాయి, ఒకటి కారు, రెండవది వ్యవధి. మొదటిదానికి బేరం ఉంటుందని అందరికీ తెలుసు, రెండవదానికి కూడా ఉంటుందని కొత్తగా వచ్చినవానికి తెలియదు. ఈ పెంపు కొన్ని జాతులవారి మీద ఎక్కువగా పడుతున్నదన్న ఆందోళనతో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2013లో బ్యాంకులకు ఒక మార్గదర్శకం ఇచ్చింది. 2018లో అమెరికా కాంగ్రెసు దానిని రద్దు చేసింది.

ఇప్పుడు నా విద్యకు సంబంధించిన మాట. ఆ కాగితం మీద 'వడ్డీ' అనే పదం కోసం వెదికితే, ముఖ్యమైన చోట నాకు కనబడినది మరొక పదం. దానిని 'వ్యవధి వల్ల ధరలో తేడా' అని అనువదించవచ్చు. టెక్సాస్ చట్టం వాడే మాట అదే. దీని వెనుక పాత చరిత్ర ఉంది. నగదుకు ఒక ధర, అరువుకు ఒక ధర చెప్పడం అమ్మేవాని హక్కు, ఆ తేడా వడ్డీ కాదు గనుక వడ్డీ పరిమితి చట్టాలు దానికి వర్తించవు అని అమెరికా సుప్రీంకోర్టు 1861లో హాగ్, రఫ్నర్‌ల వ్యాజ్యంలో అంగీకరించింది. మదర్సాలో 'హిదాయా' క్రయవిక్రయాల అధ్యాయం చదివినవారెవరైనా ఇక్కడ ఉలిక్కిపడతారు. అరువు ధర నగదు ధర కంటే ఎక్కువ ఉండవచ్చునని నాలుగు మజ్‌హబ్‌ల అధికసంఖ్యాక పండితులు అన్న మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నది!

దగ్గరగా ఉన్నది గాని, అదే కాదు. మన ఫుఖహా దీనికి గట్టి షరతులు పెట్టారు. నగదుకు పది, అరువుకు పన్నెండు అని చెప్పి, ఏదో ఒకటి తేల్చకుండా విడిపోతే అమ్మకం చెల్లదు. ఒకే అమ్మకంలో రెండు అమ్మకాలు చేయరాదన్న దైవప్రవక్త (స) నిషేధాన్ని చాలామంది ఈ విధంగానే వివరించారు. అదే సమావేశంలో ఒక ధర తేలాలి. తేలిన తరువాత అది పెరగరాదు. 1990 మార్చిలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ వాయిదాల అమ్మకాన్ని అనుమతిస్తూనే, నగదు ధర నుండి వేరుచేసి కాలానికి ముడిపెట్టిన వడ్డీని ఒప్పందంలో వ్రాయడం గాని, ఆలస్యమైతే బాకీని పెంచడం గాని చెల్లదని తీర్మానించింది.

మా వాని కాగితంలో అయిదు గళ్ళున్నాయి. 1968 నాటి ఋణ సత్యప్రకటన చట్టం ప్రకారం వాటిని చూపాలి: వార్షిక రేటు, ఫైనాన్స్ రుసుము, ఋణంగా లెక్కించిన మొత్తం, కట్టవలసిన వాయిదాల మొత్తం, ముందు కట్టిన సొమ్ముతో కలిపి పూర్తి అమ్మకపు ధర. అతడు ముందు 3,000 కట్టాడు గనుక చివరి గడిలో 28,957 అని ఉన్నది. ఫిఖ్హ్ దృష్టిలో వాయిదా ధర అనదగినది అదొక్కటే. కాని కింద చిన్న అక్షరాలలో, రుసుము మిగిలిన బాకీ మీద రోజువారీగా లెక్కించబడుతుందనీ, ఆలస్యంగా కడితే పెరుగుతుందనీ ఉన్నది. అంటే ఆ గడిలోనిది ధర కాదు, అంచనా. పేరుకు అమ్మకం, లెక్కలో వడ్డీ. అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే.

వాడు ఇంకొక ప్రశ్న అడగవలసి వచ్చింది. కారు ఇంటికి తెచ్చుకున్న పదవ రోజున దుకాణం నుండి పిలుపు వచ్చింది. ఆ ఒప్పందాన్ని ఏ బ్యాంకూ కొనలేదనీ, 14 శాతానికి కొత్త కాగితం మీద సంతకం చేయాలనీ, లేదా కారు తెచ్చి ఇవ్వాలనీ చెప్పారు. నెలకు 412. వాయిదాలు మొత్తం 29,672, మొదటి కాగితం కంటే 3,715 అధికం. బ్యాంకు ఒప్పుకోకముందే తాళాలు చేతికిచ్చి, పదిమందికి కారు చూపించుకున్న తరువాత వెనక్కు పిలిచే ఈ పద్ధతిని అక్కడివారు యోయో బొమ్మతో పోలుస్తారు. వదిలినట్లే వదిలి దారంతో లాగడం.

గదిలో ఉండే స్నేహితులు, "మూడు రోజుల్లో ఏ కొనుగోలైనా రద్దు చేసుకోవచ్చు" అని చెప్పారట. అది అపోహ. 1972లో రూపొందిన ఆ సమాఖ్య నియమం ముఖ్యంగా ఇంటికి వచ్చి అమ్మేవారిని ఉద్దేశించినది. దుకాణానికి వెళ్ళి కొన్న కారుకు వర్తించదు. మన ఫిఖ్హ్‌లో ఖియారె షర్త్ ఉన్నది. కొనేవాడు గాని అమ్మేవాడు గాని వెనక్కు తగ్గే హక్కును ముందుగా షరతు పెట్టుకోవచ్చు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానికి మూడు రోజుల హద్దు పెట్టారు. ఆయన శిష్యులిద్దరూ గడువు స్పష్టంగా ఉంటే ఎక్కువైనా చాలునన్నారు. కాబట్టి అమ్మేవానికి ఆ హక్కు ఉండటమే నేరం కాదు. ఇక్కడ జరిగినదేమంటే ఆ హక్కు ఎనిమిదో పేజీలో ఉన్నది, నోటితో ఎవరూ చెప్పలేదు. కొన్నవానికి అట్టి హక్కు అసలే లేదు. తాళాలిచ్చేటప్పుడు ఆ గదిలో అన్నమాట "శుభాకాంక్షలు".

కొత్త కాగితం మీద సంతకం చేయవద్దని చెప్పాను. బ్యాంకు నిరాకరించిన కారణం వ్రాతపూర్వకంగా అడగమన్నాను. 1974 నాటి సమాన ఋణావకాశ చట్టం ఆ హక్కు ఇస్తుంది. కారణం వచ్చింది: 'తగినంత ఋణచరిత్ర లేదు'. అది మొదటి రోజునే వారికి తెలుసు. కారు ఇచ్చివేశాడు. ముందుగా కట్టిన 3,000 తిరిగి రావడానికి మూడు వారాలు, నాలుగు ప్రయాణాలు పట్టాయి, అవి కూడా ఇతరుల కారులో. ఇట్టి మోసాలను అరికట్టడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో కార్ల అమ్మకాలకు ప్రత్యేక నియమం చేసింది గాని, 2025 జనవరిలో ఒక అప్పీళ్ళ కోర్టు విధానలోపం కారణంగా దానిని కొట్టివేసింది.

చివరకు మసీదులో పరిచయమైన ముగ్గురు తలా కొంత ఖర్జె హసనా ఇచ్చారు. ఒకరు హైదరాబాదు, ఒకరు లాహోరు, మూడవవారు సోమాలియా నుండి వచ్చినవారు. ఆ సొమ్ము, తన సొమ్ము కలిపి ఒక వ్యక్తి దగ్గర పదకొండేళ్ళ నాటి కొరోలా 7,000 డాలర్లకు నగదుగా కొన్నాడు. దానిలో ఏసీ సరిగా పని చేయదు, టెక్సాస్ ఎండలు మన గుంటూరు ఎండలకు తీసిపోవు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఆ ముగ్గురి బాకీ నెలనెలా తప్పకుండా తీరుస్తున్నాడు. ఆ సంగతి ఏ చిట్టాకూ ఎక్కడం లేదు.